నాలుగో నంబరు పైపు

లాలాగూడ, సికింద్రాబాద్
11 ఫిబ్రవరి 2024

చిరంజీవి లాస్యకు చిన్నతాత రాములు దీవించి రాసేది.

ముందుగా నా రాత చూసి ఏమీ అనుకోకు బిడ్డా. ఊరి బడిలో ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తులు, దీర్ఘాలు తప్పిన చోట నువ్వే దిద్దుకుని చదువుకో. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు లేత్ మెషీన్ మీద టర్నర్‌గా పనిచేశాను గానీ, కాగితం మీద రాసింది కొలతలూ సంతకమే.

నువ్వు చిన్న నానమ్మకు ఫోన్ చేసి, నాతో ఇనుప పైపులు చేయించమని అడిగావట. ఆమె ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. నేను ఊఁ అన్నాను, సరే అన్నాను. తర్వాత మాట రాలేదు. నీకు కోపం వచ్చిందేమో అనుకున్నాను. మెషీన్ల మోతకు ఒక చెవి పోయింది. రెండోదానికి ఫోన్ మాట అందదు. అదీగాక మనిషి కనబడకుండా మాట్లాడడం నాకు మొదటి నుంచీ సిగ్గు. అందుకని ఉత్తరం.

పైపు పొడుగెంత? లావెంత? సుత్తితో కొడతారా, తిప్పుతూ దించుతారా? మట్టి గట్టిదా, ఇసుకా? కొన పదును లోపలి వైపు తీయాలా, బయటి వైపా? ఏ పనికో తెలిస్తే పని బాగా వస్తుంది. అది కూడా రాయి.

చిన్న నానమ్మ కమలాబాయి నువ్వు సరిగ్గా తింటున్నావా అని అడగమంది. అడిగాను.

ఇట్లు,
మీ చిన్నతాత
రాములు


ఎర్రబండ క్యాంపు
20 ఫిబ్రవరి 2024

చిన్నతాతకు,

నాకు కోపమా? నీ ఉత్తరం క్యాంపులో అందరికీ చూపించాను. ఇక్కడ చాలామందికి ఇంటి నుంచి ఉత్తరం రావడమంటే ఏమిటో తెలియదు. నీ రాత నా రాత కంటే నయం. ఒట్టు.

పైపు పొడుగు అడుగు, లావు రెండంగుళాలు. సుత్తితో కొడతాం. మట్టి గట్టిదే. పదును ఏ వైపు ఉండాలో నాకు తెలియదు, నువ్వే చెప్పాలి. ఆరు కావాలి. బజారులో కొన్నవి రెండు దెబ్బలకే వంగిపోయాయి. ఏ పనికంటావా, మట్టి తీయడానికే తాతా, అంతే.

ఇక్కడ వాగు ఒడ్డు రెండు నిలువుల ఎత్తున కోసుకుపోయి గోడలా నిలబడింది. ఆ గోడ నడుమ ఎర్రమట్టి పొర ఒకటి ఉంది. ఆ పొరలో రాతి పనిముట్లు దొరుకుతున్నాయి. వాటిని చేసిన మనుషులు ఇక్కడ ఎన్నేళ్ల కిందట బతికారో చెప్పాలి. నా పీహెచ్‌డీ మొత్తం అదే. ఆ సంవత్సరాల లెక్క తేలకపోతే నా దగ్గర ఉన్నవి ఉత్త రాళ్లు.

నాన్న ఫోన్ చేసినప్పుడల్లా బ్యాంకు పరీక్షల సంగతే ఎత్తుతున్నాడు. నీ అన్నకొడుక్కి నువ్వైనా చెప్పు. సరే, నువ్వు చెప్పవని తెలుసు.

తింటున్నానని నానమ్మకు చెప్పు.

నీ
లాస్య


లాలాగూడ
17 మార్చి 2024

చిరంజీవి లాస్యకు,

ఆరు పైపులు అయ్యాయి. మీ క్యాంపులో పనిచేసే డేవిడ్ రాజు వచ్చి తీసుకున్నాడు. మంచి పిల్లవాడు, చాయ్ రెండుసార్లు తాగాడు.

కొన పదును బయటి వైపు తీశాను. లోపల గోడ తిన్నగా ఉంటే మట్టి నలగకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. సుత్తి తగిలే వైపు దళసరిగా కడియంలా వదిలాను. అతుకు ఎక్కడా లేదు, అన్నీ ఒకే కడ్డీలోంచి తొలిచినవి. ఒక్కోదాని మీద ఒకటి నుంచి ఆరు దాకా నంబరు కొట్టాను. మా షాపులో నంబరు లేకుండా ఏ ముక్కా గేటు దాటేది కాదు. తప్పు వస్తే ఎవరి చేతిలో వచ్చిందో తెలియాలి కదా. ఆ అలవాటు పోలేదు.

రిటైరైన పదహారేళ్లకు మళ్లీ లేత్ ముందు నిలబడ్డాను. పాత దోస్తు షెడ్డులో. చెయ్యి మరిచిపోలేదు.

నాకు తృప్తిగా ఉంది. అంతే, రాయడానికి ఇంకేమీ లేదు.

మీ
చిన్నతాత


ల్యాబు హాస్టల్
9 జులై 2024

చిన్నతాతా,

ఆరు నమూనాలూ క్షేమంగా ల్యాబుకు చేరాయి. నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. వానలకు క్యాంపు ముందే ఎత్తేశాం. అప్పుడు యూనివర్సిటీ స్టోర్ రూముకు సున్నాలు వేస్తున్నారు. ల్యాబులో మాకు ఇచ్చిన తేదీకి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులూ డేవిడ్ తెచ్చి పెట్టిన పైపులు నీ మంచం కింద ఉన్నాయి కాబట్టి బతికాం. నువ్వు ఎవరినీ ఆ పక్కకు రానియ్యలేదని, నానమ్మ చీపురు పెట్టబోయినా ఊరుకోలేదని డేవిడ్ చెప్పాడు.

నీకు అసలు సంగతి ఎప్పుడూ చెప్పలేదు కదూ. ఇప్పుడు తీరిక దొరికింది, విను. ఇసుక రేణువు మట్టిలో పూడిపోయినప్పటి నుంచి చుట్టూ ఉన్న నేలలోని శక్తిని కొద్దికొద్దిగా పోగు చేసుకుంటుంది. ఎన్నేళ్లు చీకట్లో ఉంటే అంత పోగవుతుంది. ఎండ తగిలిందంటే అదంతా ఖాళీ, మళ్లీ మొదటి నుంచి. అందుకే పైపును గోడలోకి కొట్టి, వెలుతురు తగలకుండా మూతి మూసి, నల్ల కవరు చుట్టి తెస్తాం. ల్యాబులో మసక ఎర్రదీపం కింద విప్పుతారు. ఎంత పోగైందో కొలిస్తే, ఆ మట్టి చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. ఆ పొరలో పనిముట్లు వదిలిన మనుషులు నడిచిన కాలం అదే.

అంటే నువ్వు కాపాడింది మట్టిని కాదు తాతా, చీకటిని.

ఫలితం రావడానికి నాలుగు నెలలు. నాకు తిండి సయించడం లేదు. నానమ్మకు మాత్రం తింటున్నానని చెప్పు.

నీ
లాస్య


లాలాగూడ
21 జులై 2024

చిరంజీవి లాస్యకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ఒకటి అడగాలి. ఎండ ఎంతసేపు తగిలితే ఆ పోగు ఖాళీ అవుతుంది? రోజంతా ఎండాలా? వానాకాలపు ఎండకు కూడా పోతుందా? ఒకసారి ఖాళీ అయ్యాక మళ్లీ చీకట్లో పెడితే తిరిగి వస్తుందా?

వీలున్నప్పుడు రాయి. చిన్న నానమ్మ బాగుంది.

మీ
చిన్నతాత


ల్యాబు హాస్టల్
2 ఆగస్టు 2024

నా బంగారు చిన్నతాతా,

ఇంట్లో నా పని గురించి నన్ను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషివి నువ్వే. నాన్న జీతం ఎప్పుడొస్తుందని అడుగుతాడు. అమ్మ పెళ్లి ఎప్పుడని అడుగుతుంది. ఎండ ఎంతసేపు తగలాలి అని ఎవరూ అడగలేదు. నీ ఉత్తరం నా గైడ్ ఝాన్సీలక్ష్మి మేడమ్‌కు చూపించాను. ఎమ్మే పిల్లలు కూడా ఇంత సూటిగా అడగరని ఆమె అన్నారు.

రోజంతా అక్కర్లేదు తాతా. మంచి ఎండైతే ఒక్క నిమిషం చాలు. మబ్బు పట్టిన రోజైనా కొన్ని నిమిషాలే. తిరిగి వస్తుంది గానీ, మళ్లీ అన్ని వేల ఏళ్లూ చీకట్లో పెట్టాలి.

ఇంకా అడుగు. నీకు రాయాలంటే నాకు హుషారుగా ఉంది.

నీ
లాస్య


లాలాగూడ
8 సెప్టెంబర్ 2024

చిరంజీవి లాస్యకు,

జవాబు ఆలస్యమైంది. ఒంట్లో బాగానే ఉంది. రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగడం లేదు.

వాళ్లు ఒక్కో పైపునూ విడిగా కొలుస్తారా, ఆరింటినీ కలిపి లెక్క కడతారా? ఒకటి పాడైతే మిగతావి ఉంటాయా? ఇది కూడా రాయి: ఆ కాలపు మనుషులు పనిముట్లు దేనితో చేసేవారు? ఇనుము లేదు కదా.

మేడమ్‌కు నా ఉత్తరాలు చూపించకు. సిగ్గుగా ఉంటుంది.

మీ
చిన్నతాత


ల్యాబు హాస్టల్
18 నవంబర్ 2024

చిన్నతాతకు,

నీ ఉత్తరానికి జవాబు రాయనే లేదు. క్షమించు. రాళ్లను రాళ్లతోనే కొట్టి చేసేవారు తాతా. మిగతా దానికి జవాబు ఈ ఫలితాలే.

ఐదు పైపుల మట్టి డెబ్బై వేల ఏళ్లకు అటూ ఇటూ వచ్చింది. చదివి కుర్చీలోంచి లేచాను. తర్వాత నాలుగో నంబరు చూశాను. సున్నా. ఆ మట్టి ఈ ఏడాదే ఎండ చూసిందని మెషీన్ చెబుతోంది. నాలుగో నంబరు పైపును పనిముట్లు దొరికిన చోటికి పక్కనే కొట్టాం. అన్నింటిలోకీ ముఖ్యమైనది అదే.

మేడమ్ రెండు దారులే కనిపిస్తున్నాయన్నారు. ఒకటి, అక్కడ పొరను ఈమధ్య ఎవరో తవ్వి పూడ్చి ఉండాలి. అదే నిజమైతే పనిముట్లు ఏ కాలానివో చెప్పలేం. రెండోది, పైపులోకి వెలుతురు పోయి ఉండాలి. ఆరూ ఒకే చేతితో, ఒకే తీరుగా చేసినవి కాబట్టి మిగతా ఐదింటిలోకీ ఎంతో కొంత పోయి ఉండవచ్చు. ఏ దారైనా ఆరూ పక్కన పెట్టాలి.

మళ్లీ తీద్దామంటే ఆ ఒడ్డు మీదుగా కాలువ తవ్వుతున్నారు. జనవరిలో గోడ ఉండదు. ఒక్క మాటలో చెప్పాలంటే, ఐదేళ్ల పని పోయింది. బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టాను. నాన్నకు ఇంకా చెప్పలేదు.

పైపుల మాట రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నీ దగ్గర దాచడం బాగుండదని రాస్తున్నాను. మనసుకు తీసుకోకు.

నీ
లాస్య


లాలాగూడ
23 నవంబర్ 2024

చిరంజీవి లాస్యకు,

పైపులో తప్పు లేదు. ఎవరూ తవ్వి పూడ్చలేదు కూడా. నాకు తెలుసు.

ఎలా తెలుసో మళ్లీ ఉత్తరంలో రాస్తాను. పరీక్షకు అప్పుడే పోకు.

రాములు


ల్యాబు హాస్టల్
29 నవంబర్ 2024

చిన్నతాతా,

నీకు నొప్పి తగిలిందని తెలిసిపోయింది. మూడు ముక్కలు రాసి, చిన్నతాత అని కూడా పెట్టకుండా పేరు పెట్టావు. నేనే తప్పు చేశాను. అంత ప్రేమతో చేసిన పనికి వంక పెట్టినట్టయింది.

ఒక మాట ఇస్తున్నాను. రిపోర్టులో పైపులు బజారులో కొన్నవని రాస్తాను. నీ పేరు, నీ నంబర్లు ఎక్కడా రావు. నీ పని మీద ఎవరి వేలూ పడనివ్వను. ఆరూ తీసేస్తున్నట్టు వచ్చే నెల ఇరవైలోగా మేడమ్‌కు రాసి ఇవ్వాలి, ఇచ్చేస్తాను. పోనీలే తాతా. నువ్వు బాధపడితే నాకు ఇంకా కష్టం.

నానమ్మను అడిగానని చెప్పు.

నీ
లాస్య


లాలాగూడ
4 డిసెంబర్ 2024

బిడ్డా లాస్యా,

నాలుగో నంబరు పైపు విప్పింది నేను. మట్టి ఎండబెట్టింది నేను.

ఈ రెండు మాటలు రాయడానికి జులై నుంచి కూర్చుంటున్నాను. రాయడం, చింపడం. నీ కిందటి ఉత్తరం చిన్న నానమ్మే చదివి పెట్టింది, నాకు కళ్లు ఆనలేదు. చదివాక కాగితం నా ముందు పెట్టి ఇలా అంది:

"నాలుగు నెలల సంది గిట్లనే కూసుంటున్నవ్. ఆ పిల్ల నీ ఇజ్జత్ కోసం అబద్ధం రాస్తా అంటున్నది. నువ్వు నిజం రాస్తవా, నన్ను ఫోన్ చెయ్యమంటవా?"

అయిందేమిటంటే, డేవిడ్ రాజు పెట్టిపోయిన నాలుగైదు రోజులకు పెద్ద వాన పడింది. వాకిట్లో తూము మూసుకుపోయి నీళ్లు మంచం కిందికి వచ్చాయి. చివరనున్న మూట తడిసింది. విప్పొద్దని డేవిడ్ చెప్పాడు, కాదనను. ఎవరైనా మార్చేస్తారని, పోగొడతారని అలా అన్నాడనుకున్నాను. తడిసిన కవరు తీసి పైపు తుడిచాను. మూత వదులై ఊడింది. లోపల మట్టి చెమ్మగా ఉంది.

మా ఊళ్లో విత్తనాల కుండ ఎవరైనా మన ఇంట్లో దాచిపోతే, తిరిగి ఇచ్చే ముందు ఎండబెట్టి ఇవ్వాలి. చెమ్మతో ఇస్తే మనం సరిగ్గా చూడలేదని అర్థం. మా అమ్మ ఒకసారి పక్కింటి వాళ్ల కందులు చెమ్మపట్టాయని మూడు రోజులు మిద్దె మీద కాపలా కాసింది. నాకు అదే బుర్రలో ఉంది. నా చేతికి అప్పజెప్పింది తడిగా పోకూడదు అనుకున్నాను.

మరునాడు ఎండ కాసింది. చిన్న నానమ్మ వడియాల గుడ్డ మిద్దె మీద పరిచి, మట్టి మొత్తం పోశాను. పక్కన కూర్చుని గంటగంటకూ చేత్తో తిరగేశాను. సాయంత్రం మళ్లీ నింపి, మూత బిగించి, కొత్త నల్ల కవరు చుట్టాను. చిన్న నానమ్మ అప్పుడే అంది, "వాళ్ల మట్టితోటి నీకేం పని? జెర ఊకో" అని. నేను వినలేదు. చేసిన మేలు చెప్పుకోకూడదని నీకు రాయలేదు. అది మేలు అనుకున్నాను బిడ్డా. నీ జులై ఉత్తరం చదివేదాకా అలాగే అనుకున్నాను.

మిగతా ఐదూ పొడిగా ఉన్నాయి. వాటిని ముట్టలేదు. మీ మేడమ్‌కు చెప్పు, ఒట్టి పైపు లోపల దీపం పెట్టి, మూతులు మూసి, చీకటి గదిలో చూడమను. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే నేను ముప్పై ఆరేళ్లు తిన్న జీతం ఊరికే తిన్నట్టు. బజారు పైపులని మాత్రం రాయకు. నంబరు కొట్టింది ఎందుకు? తప్పు ఎవరి చేతిలో వచ్చిందో తెలియాలని కదా. నా చేతిలో వచ్చింది. నాలుగో నంబరు.

ఇంకేమి రాయాలో తెలియడం లేదు. నువ్వు ఇక రాయకపోయినా నేను ఏమీ అనుకోను.

మీ
చిన్నతాత


ల్యాబు హాస్టల్
11 డిసెంబర్ 2024

చిన్నతాతకు,

మొదట ఏడ్చాను. నిజం చెబుతున్నాను, నీ మీద కోపంతోనే ఏడ్చాను. జులైలోనే చెప్పి ఉంటే అనుకున్నాను. తర్వాత నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి చదివాను. "ఏ పనికో తెలిస్తే పని బాగా వస్తుంది" అని రాశావు. మట్టి తీయడానికే, అంతే అని నేను జవాబిచ్చాను. నేను డేవిడ్ చెబుతాడనుకున్నాను. డేవిడ్ నేను చెప్పాననుకున్నాడు. రైలుకు టైమవుతోందని, విప్పొద్దని ఒక్క ముక్క చెప్పి పరుగెత్తాడట. పదును ఏ వైపు తీయాలో దాకా ఆలోచించిన మనిషికి మేం అసలు సంగతే చెప్పలేదు.

ఉత్తరం మేడమ్‌కు ఇచ్చాను. నువ్వు చూపించొద్దన్నావు, తప్పలేదు. ఆమె మొదటి నుంచి చివరిదాకా చదివారు. తర్వాత నాలుగో నంబరు కాగితాలన్నీ తెప్పించారు. తాతా, వాళ్లను మొదటి నుంచీ తికమక పెట్టింది ఒకటుంది. పైపులోకి వెలుతురు దూరితే కొన్ని రేణువులు ఖాళీ అవుతాయి, లోపలివి మిగులుతాయి. నాలుగో నంబరులో కొన్ని వందల రేణువులు కొలిస్తే ఒక్కదానిలో కూడా ఏమీ మిగల్లేదు. అంత శుభ్రంగా ఎలా పోయిందో ఎవరికీ అర్థం కాలేదు. మేడమ్ ఇలా అన్నారు:

"గంటగంటకూ తిరగేశాడంట కదమ్మా. పనిమంతుడు. ఎండబెట్టడంలో కూడా తప్పు రానియ్యలే."

నువ్వు చెప్పినట్టే దీపం పెట్టి ఆరు పైపులూ చూశాం. చుక్క వెలుతురు రాలేదు. ఐదూ నిలబడ్డాయి. డెబ్బై వేల ఏళ్లు నిలబడ్డాయి.

అయితే ఒకటి కావాలి. ఏ రోజు విప్పావు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఎండలో ఉంది, మట్టిలోంచి ఏమైనా తీశావా, ఏమైనా కలిపావా, ఇవన్నీ నీ చేతిరాతతోనే రాసి సంతకం పెట్టాలి. థీసిస్ చివర పెడతాం. ఇరవయ్యో తేదీలోగా డేవిడ్ వచ్చి తీసుకుంటాడు.

ఒక్క విషయం మాత్రం మనసులో గుచ్చుకుంది. ఎండ ఎంతసేపు అని నువ్వు అడిగినప్పుడు, నా పని మీద ఇష్టంతో అడిగావని గెంతాను. అది భయంతో అడిగిందని ఇప్పుడు తెలిసింది. దాని గురించి ఏమీ అనను. కొంచెం బాధేసింది, అంతే.

నీ
లాస్య


లాలాగూడ, సికింద్రాబాద్
16 డిసెంబర్ 2024

చిరంజీవి లాస్యకు చిన్నతాత రాములు రాసేది.

పెద్దవాళ్లు చదువుతారంటున్నావు కాబట్టి ఈసారి నిదానంగా రాశాను. అయినా తప్పులుంటే మన్నించమని నా మాటగా మేడమ్‌కు చెప్పు.

2024 జూన్ 27, గురువారం. పొద్దున పది గంటలకు నాలుగో నంబరు పైపులోని మట్టి మొత్తం తీసి లాలాగూడలోని మా ఇంటి మిద్దె మీద గుడ్డపై పోశాను. నాలుగు గంటల దాకా ఎండలో ఉంది. నడుమ ఒకసారి మబ్బు పట్టింది. ఆరుసార్లు తిరగేశాను. నాలుగున్నరకు మళ్లీ నింపాను. ఏమీ కలపలేదు. మిగతా ఐదు పైపులు విప్పలేదు. ఇది నిజం. సంతకం కింద పెట్టాను.

తీసింది ఒకటి ఉంది. మళ్లీ నింపేటప్పుడు ఒక రాతి ముక్క అడ్డం తగిలింది. బొటనవేలి గోరంత ఉంటుంది. పారేయబోయి ఆగాను. ఒక పక్క అంచు చూస్తే చేతిపని అనిపించింది. ఊరికే పగిలిన రాయి అంచు అలా ఉండదు. వరసగా చిన్నచిన్న పెచ్చులు లేపుకుంటూ, ఒకే వాలులో తెచ్చారు. లేత్ బిట్లు దాచుకునే నా డబ్బాలో వేశాను. రాళ్లను రాళ్లతో చేసేవారని నువ్వు నవంబర్‌లో రాసినప్పుడు డబ్బా తీసి చూశాను. ఈ ఉత్తరంతో పాటు దూదిలో చుట్టి డేవిడ్‌కు ఇస్తున్నాను. మీకు పనికి రావచ్చు.

నువ్వు బాధపడిన సంగతికి జవాబు. మొదట అడిగింది భయంతోనే. దాచను. ఇనుము లేకుండా దేనితో చేసేవారని సెప్టెంబర్‌లో అడిగింది మాత్రం భయంతో కాదు. అది తెలుసుకోవాలని అడిగాను. నీ జవాబు ఒక్క ముక్కే వచ్చింది, నాకు చాలలేదు.

అందుకని ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. ఆ ముక్క రెండు రోజులు నా చేతిలో పెట్టుకుని చూశాను. దాన్ని చేసినవాడు తొందరపడలేదు. ఒక దెబ్బ తప్పింది, ఎడమ కొన దగ్గర చూడు. అక్కడ ఆగి, తిప్పి పట్టుకుని, అటు నుంచి సరిచేసుకున్నాడు. అలాంటి ముక్క చేయడానికి అతనికి ఎంతసేపు పట్టేది? నిలబడి చేసేవాడా, కూర్చునా? పని ఎవరు నేర్పేవారు?

బ్యాంకు పరీక్షల మాట ఇక ఎత్తొద్దని మీ నాన్న భానుప్రకాశ్‌కు నేనే చెబుతాను. ఫోన్‌లోనే చెబుతాను. చిన్న నానమ్మ పక్కన ఉంటానంది.

నాకు డెబ్బై ఆరు నడుస్తోంది. ఈసారి నాలుగు నెలలు ఆగలేను బిడ్డా. జవాబు త్వరగా పంపు.

ఇట్లు,
మీ చిన్నతాత
రాములు, టర్నర్